బెంగళూరు ఆఫీసుల్లో గొడవలు, ఒత్తిడి: తెలుగు ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ, అవుటర్ రింగ్ రోడ్ చుట్టుపక్కల ఆఫీసుల్లో పనిచేసే తెలుగువాళ్ల కోసం రాసిన పేజీ ఇది. ఆఫీసు గొడవల్లో ఎక్కువ భాగం పని పంపకంలో పుడతాయి. ఎవరు చేయాలి, ఎప్పటికి చేయాలి, ఎవరికి చెప్పాలి అన్నది తేలకపోతే అది కాస్తా మనుషుల గుణగణాల మీదికి మళ్లుతుంది. అక్కడిదాకా వెళ్లాక సర్దడం కష్టం. అందుకే గొడవను మళ్లీ పని దగ్గరికి ఎలా తీసుకురావాలో ఇక్కడ ఎక్కువగా చెప్పాం. అసలు ఓర్చుకోకూడని సందర్భాలు కూడా కొన్ని ఉన్నాయి, వాటిని విడిగా రాశాం.

చిన్న మాటపట్టింపు వచ్చింది. మాట్లాడాలా, వదిలేయాలా?

ఒక్కసారే జరిగి, పని ఆగకుండా, మర్నాటికి మీకే గుర్తు లేకపోతే వదిలేయండి. అదే విషయం రెండోసారి జరిగినా, దానివల్ల డెలివరీ తేదీ జారినా, ఇంటికెళ్లాక కూడా బుర్రలో అదే తిరుగుతున్నా మాట్లాడాల్సిందే. జరిగిన గంటలోనే వద్దు, కోపంలో మాట జారుతుంది. అలాగని రెండు మూడు పనిదినాలు దాటనివ్వొద్దు. వారం గడిస్తే ఎదుటివాళ్లు ఆ సంగతే మర్చిపోతారు, మీకేమో రెట్టింపై గుర్తుంటుంది. చిలికి చిలికి గాలివాన అయ్యేది ఈ మధ్య రోజుల్లోనే.

చాలామంది ఆ మనిషికి తప్ప మిగతా అందరికీ చెప్తారు. కాఫీ మెషీన్ దగ్గర ముగ్గురికి చెప్పిన మాట సాయంత్రానికల్లా ఆ మనిషి చెవిన పడుతుంది, అదీ మీరన్నట్టు కాదు, ఎవరో నాలుగు మాటలు కలిపినట్టు. సలహా కావాలంటే ఒక్కరినే అడగండి, వీలైతే మీ టీమ్‌లో లేనివాళ్లని.

ఎదురుగా కూర్చుని మాట్లాడటం ఎలా మొదలుపెట్టాలి?

చిన్న మీటింగ్ రూమ్ అరగంటకు బుక్ చేయండి. క్యాబ్ కోసం గడియారం చూసుకునే సాయంత్రం, శుక్రవారం చివరి గంట, క్యాంటీన్ బల్ల పనికిరావు. ఇంటి నుంచి పనిచేస్తుంటే వీడియో కాల్ పెట్టుకోండి. చాట్‌లో గొంతు వినపడదు, మామూలు వాక్యం కూడా కసురుకున్నట్టే కనిపిస్తుంది.

ముందు కళ్లతో చూసింది చెప్పండి, ఆ తర్వాత దానివల్ల పనికి జరిగిన నష్టం. ఆపైన వాళ్ల వైపు ఏం జరిగిందో అడిగి, చివర్లో ఇకమీదట ఏం కావాలో చెప్పండి. ఉదాహరణకి, మీరు పంపిన కోడ్ మార్పులను సాటి ఉద్యోగి రెండు రోజులు చూడలేదు అనుకోండి:

“మంగళవారం పొద్దున పంపితే రివ్యూ గురువారం రాత్రి వచ్చింది. శుక్రవారం రిలీజ్‌లో అది వెళ్లలేదు, క్లయింట్ కాల్‌లో నేను జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ రెండు రోజులు నీకు వేరే పనేమైనా పడిందా? ఇకమీదట ఒక్క రోజులో చూడటం కుదరకపోతే ఒక ముక్క మెసేజ్ పెట్టు, నేను ఇంకొకర్ని అడుగుతా.”

ఇందులో ‘ఎప్పుడూ’, ‘అసలు’, ‘కావాలనే’ అన్న మాటలు లేవు, గమనించండి. “నువ్వెప్పుడూ ఇంతే” అన్నారంటే అవతలి మనిషి తను టైముకి చూసిన నాలుగు సందర్భాలు లెక్క చెప్తాడు, మాటలన్నీ ఆ లెక్క మీదే అయిపోతాయి. పెద్దవాళ్లైతే, అంత చనువు లేకపోతే ‘మీరు’ అనే మాట్లాడండి. చనువు లేనిచోట ‘నువ్వు’ అంటే సగం గొడవ ఆ పిలుపుతోనే వస్తుంది.

ప్రశ్న అడిగాక ఊరుకోండి. ఆ నిశ్శబ్దం భరించలేక చాలామంది తామే జవాబు కూడా చెప్పేస్తారు. ఊరుకుంటే అసలు కారణం బయటికొస్తుంది. ఆ మనిషికి ఇద్దరు మేనేజర్లు ఒకే వారంలో రెండు అత్యవసర పనులు అప్పజెప్పి ఉండొచ్చు. అప్పుడు తేల్చుకోవాల్సింది మీ ఇద్దరి మధ్య కాదు, ఆ ఇద్దరు మేనేజర్ల మధ్య.

ఆ రోజే నాలుగైదు లైన్ల మెయిల్ పంపండి. “ఇద్దరికీ గుర్తుండటానికి రాస్తున్నా” అని మొదలుపెట్టి ఏం అనుకున్నారో, ఎవరు ఎప్పటినుంచి చేస్తారో రాస్తే చాలు. ఇది మానేస్తే నెల తిరక్కుండా అదే గొడవ మళ్లీ వస్తుంది, ఏం ఒప్పుకున్నారన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్తారు.

టీమ్ గ్రూపులో అందరి ముందు అనేశారు. అక్కడే జవాబివ్వాలా?

విషయంలో తప్పుంటే ఒక్క వాక్యంలో సరిచేయండి: “ఆ ఫైల్ సోమవారమే పంపాను, లింక్ ఇదిగో. మిగతాది ఫోన్‌లో మాట్లాడుకుందాం.” అక్కడితో ఆపండి. అందరూ చూస్తున్నప్పుడు ఎవరూ వెనక్కి తగ్గరు. ఫోన్‌లో మాత్రం సూటిగా అడగండి, “విషయం నాకు విడిగా చెప్తే సరిదిద్దుకుంటా. అందరి ముందు అంటే నాకు ఇబ్బందిగా ఉంది” అని. రెండోసారి కూడా జరిగితే ఆ మెసేజ్‌లు తేదీతో సహా దాచుకోండి.

నేను చేసిన పనిని ఇంకొకరు తమదని చెప్పుకున్నారు.

మీటింగ్‌లోనే మర్యాదగా చేరండి: “ఆ భాగం రాసింది నేను, వివరాలు నేను చెప్తాను.” ప్రతి శుక్రవారం ఆ వారం పూర్తి చేసిన పనులు మూడు లైన్లలో మేనేజర్‌కి మెయిల్ చేసే అలవాటు ఉంటే ఈ బాధ చాలావరకు రాదు.

మా మేనేజర్‌తోనే పడటం లేదు. ఎవరికి చెప్పుకోవాలి?

ముందు మేనేజర్‌కే, విడి సమావేశంలో. “మీరు నన్ను పట్టించుకోరు” అంటే జవాబు రాదు. “ఈ నెలలో మూడు పనులు మధ్యలో మారాయి. ముందు ఏది పూర్తి చేయాలో వారం మొదట్లోనే మీరు చెప్తే తిరిగి చేసే పని తగ్గుతుంది” అంటే వస్తుంది. ఒప్పుకున్నది అమలవడానికి నాలుగు వారాలు ఇవ్వండి. మార్పు లేకపోతే మేనేజర్ పై అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. వెళ్తున్నానని మేనేజర్‌కి చెప్పే వెళ్లండి. చాటుగా వెళ్లినట్టు తెలిస్తే అసలు ఫిర్యాదు పక్కకుపోయి ఆ చాటుతనమే చర్చ అవుతుంది. బెదిరింపు, బూతులు, వేధింపు ఉన్నచోట మాత్రం ఈ మర్యాదలేవీ అక్కర్లేదు, నేరుగా పైకి వెళ్లండి.

రేటింగ్ గొడవలకి ఒక కిటుకు ఉంది. ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి రేటింగ్‌లు పంచే కంపెనీల్లో తుది జాబితా అయ్యాక మేనేజర్ చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. ఒకరిది పెంచాలంటే ఇంకొకరిది తగ్గించాలి. మార్చితో ముగిసే సంవత్సరానికి డిసెంబరు, జనవరిలోనే కూర్చుని “ఇప్పటికి నేను ఎక్కడున్నాను, ఏం చూపిస్తే ఒక మెట్టు పైకి వెళ్తాను” అని అడగండి. ఏప్రిల్‌లో ఏడ్చి లాభం లేదు. అప్పటికే తక్కువ రేటింగ్ వచ్చి ఉంటే ఏ పని వల్ల తగ్గిందో, దేన్ని బట్టి లెక్కగట్టారో, వచ్చే ఆరు నెలల్లో ఏం ఎదురుచూస్తున్నారో అడిగి ఆ జవాబులు రాతలో తీసుకోండి.

మేనేజర్ కూడా తెలుగువాడే. దానివల్ల ఇబ్బందులొస్తున్నాయి.

ఇవి రెండు రకాలు. “మనవాడే కదా” అని ఆదివారం కూడా ఫోన్ చేసి పని చెప్పడం ఒకటి. అలాంటప్పుడు “అన్నా, సోమవారం పొద్దున మొదట అదే చేస్తా, మెయిల్‌లో ఒక లైన్ పెట్టండి” అంటే చనువూ పోదు, హద్దూ తెలుస్తుంది. రెండోది మీకు మంచి పని వచ్చినప్పుడల్లా మేనేజర్ తెలుగువాళ్లనే పైకి తెస్తున్నాడని మిగతావాళ్లు అనుకోవడం. ఆఫీసు మాటలు ఆఫీసు చానెల్‌లోనే ఉంచండి. పని కేటాయింపులు అందరికీ కనబడేలా టీమ్ బోర్డు మీద రాయమని మేనేజర్‌ని మీరే అడగండి. ఆ అనుమానం మీ పేరుకే ఎక్కువ నష్టం.

తెలుగులో మాట్లాడుకుంటున్నామని టీమ్‌లో మిగతావాళ్లు నొచ్చుకుంటున్నారు. మన భాషలో మాట్లాడుకోవడం తప్పా?

తప్పు కాదు. కానీ బెంగళూరులో ఈ ఫిర్యాదు తరచుగా వస్తుంది, దాని వెనక నిజమైన నష్టం ఉంటుంది. నలుగురు తెలుగువాళ్లు టీ తాగుతూ ఒక నిర్ణయం తీసేసుకుంటారు. ఐదో మనిషి, ఏ హాసన్ నుంచో మధురై నుంచో వచ్చినవాడు, మర్నాడు మీటింగ్‌లో తనొక్కడికే తెలియదని గ్రహిస్తాడు. అతనికి కోపం తెలుగు మీద కాదు, తనని బయట ఉంచినందుకు.

తెలుగు రానివాళ్లు వచ్చి నిలబడితే రెండో వాక్యానికల్లా భాష మార్చండి. మర్చిపోతే “ఇప్పటిదాకా ఫలానా దాని గురించి అనుకుంటున్నాం” అని రెండు ముక్కలు చెప్పి కలుపుకోండి. టీ దగ్గర అనుకున్న పని మాటని టీమ్ చానెల్‌లో రాసేదాకా నిర్ణయం కింద లెక్కేయకండి. క్రికెట్, సినిమాలు, ఊరి కబుర్లు ఏ భాషలోనైనా చెప్పుకోండి, వాటితో ఎవరికీ పేచీ లేదు.

అన్నిటికంటే బాగా పనిచేసేది కన్నడ నేర్చుకోవడం. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి విడిపోయినవి కాబట్టి తెలుగు చదివేవాళ్లకు కొద్దిపాటి అభ్యాసంతోనే బస్సు బోర్డులు చదవడం వచ్చేస్తుంది. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్, క్యాబ్ డ్రైవర్లతో రోజూ నాలుగు కన్నడ మాటలు మాట్లాడే మనిషి మీద భాష గొడవ రావడం అరుదు.

సంక్రాంతికి అందరికీ ఒకేసారి సెలవు కావాలి. ఏటా ఇదే రభస.

భోగి, సంక్రాంతి, కనుమ కలిపి మనకి మూడు రోజుల పండగ, ప్రయాణంతో ఐదు రోజులు. బెంగళూరు ఆఫీసుల్లో చాలాచోట్ల ఇచ్చేది ఒక్క రోజు. అదే వారం తమిళులకు పొంగల్, కన్నడిగులకు ఎళ్ళు బెల్ల పంచుకునే పండగ. ఎవరు ముందు అడిగితే వాళ్లకే అంటే ఏటా మెయిల్ త్వరగా పెట్టేవాళ్లదే రాజ్యం, మిగతావాళ్లకి కడుపుమంట.

టికెట్ల తేదీ చూసుకుని లెక్కేయండి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి జనవరి 13 ప్రయాణానికి నవంబరు మధ్యలో బుకింగ్ మొదలవుతుంది. అంటే సెలవుల జాబితా నవంబరు మొదటి వారంలోనే తేలాలి. డిసెంబరులో మొదలుపెడితే అప్పటికే టికెట్లు కొనుక్కున్నవాళ్లు దాన్నే హక్కుగా చూపిస్తారు. ఆ వారంలో కనీసం ఎంతమంది ఉంటే పని నడుస్తుందో ముందు మేనేజర్‌తో తేల్చుకోండి. ఎనిమిది మంది టీమ్‌కి ముగ్గురు చాలనుకుందాం. నిరుటి సంక్రాంతికి ఆగినవాళ్లు ఈసారి ముందు ఎంచుకుంటారు. ఈసారి ఆగేవాళ్లకి ఉగాదికో, దీపావళికో, ఓణంకో, క్రిస్మస్‌కో మొదటి అవకాశం. ఈ పట్టిక ఏడాది పొడవునా అందరికీ కనబడే షీట్‌లో ఉండాలి. నోటిమాటగా ఉంటే వచ్చే ఏడాదికి ఎవరికీ గుర్తుండదు.

హెచ్‌ఆర్‌కి ఫిర్యాదు ఎలా రాయాలి?

హెచ్‌ఆర్ కంపెనీ ప్రతినిధి, మీ వకీలు కాదు. అది తెలుసుకుని వెళ్తే నిరాశ తగ్గుతుంది. వాళ్లు కదిలేది తేదీలు, సాక్ష్యాలు, కంపెనీ నియమాల మీద. ఫిర్యాదు ఒక పేజీ దాటొద్దు. ప్రతి సంఘటనకి తేదీ, చోటు, అన్న మాట యథాతథంగా, అక్కడున్నవాళ్ల పేర్లు, పనికి జరిగిన నష్టం రాయండి. ఆ మాట తెలుగులో అన్నదైతే తెలుగులోనే రాసి పక్కన ఇంగ్లీషులో అర్థం ఇవ్వండి. చివర్లో మీకేం కావాలో స్పష్టంగా చెప్పండి: టీమ్ మార్పా, మధ్యవర్తితో సమావేశమా, రాతలో హెచ్చరికా? ఏమీ అడగని ఫిర్యాదు “మాట్లాడతాం” అన్న జవాబుతో ముగిసిపోతుంది. పది పనిదినాల్లో కబురు లేకపోతే అదే మెయిల్ మీద గుర్తు చేయండి.

పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే చట్టం 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం 20 మంది లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి, అందులో యాజమాన్యం, కార్మికుల ప్రతినిధులు సమానంగా ఉండాలి. వివాదం మొదలైన ఏడాదిలోపు దరఖాస్తు పెట్టుకోవచ్చు, కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. మేనేజర్ స్థాయివాళ్లు, నెలకు 18,000 రూపాయలు మించిన వేతనంతో పర్యవేక్షణ పని చేసేవాళ్లు ఈ లెక్కలో కార్మికులు కారు. హోదా పేరు ఏదైనా, రోజూ చేసే పని ఏమిటన్నదే ఇక్కడ ముఖ్యం.

సంభాషణ ఫోన్‌లో రికార్డ్ చేసి పెట్టుకోవచ్చా?

చాలా కంపెనీలు తమ నియమాల్లో దీన్ని నిషేధించాయి. రికార్డింగ్ బయటపడితే ఫిర్యాదు పక్కకుపోయి మీ మీదే విచారణ మొదలవుతుంది. మాట్లాడిన గంటలోపు “మీరు ఇలా అన్నారు, నేను ఇలా అర్థం చేసుకున్నాను, తేడా ఉంటే చెప్పండి” అని మెయిల్ పెట్టండి. ఆ ముప్పు లేకుండానే సాక్ష్యం మిగులుతుంది.

లైంగిక వేధింపు జరిగితే?

ఇక్కడ “ముందు మాట్లాడి చూడండి” అన్న సలహా వర్తించదు. 2013 చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. సీనియర్ మహిళా ఉద్యోగి అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలుండాలి, బయటి సభ్యులు ఒకరుండాలి. పది మంది కంటే తక్కువున్నచోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి.

సంఘటన జరిగిన 3 నెలల్లోపు రాతలో ఫిర్యాదు ఇవ్వాలి. వరసగా జరిగితే ఆఖరి సంఘటన నుంచి లెక్క. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలల వరకు గడువు పెంచవచ్చు. నియమాల ప్రకారం ఆరు ప్రతులు, వాటితో పాటు సాక్ష్యాలు, సాక్షుల వివరాలు జతచేయాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి, నివేదిక ఆ తర్వాత 10 రోజుల్లో రావాలి, యజమాని 60 రోజుల్లో చర్య తీసుకోవాలి. విచారణ నడుస్తుండగా బాధితురాలు బదిలీ గానీ 3 నెలల వరకు సెలవు గానీ కోరవచ్చు. ఫిర్యాదు చేసిన మహిళ అడిగితే తప్ప రాజీ మాట ఎత్తకూడదు, అడిగినా డబ్బు ఆధారంగా రాజీ చేయకూడదు. పేర్లు బయటపెట్టడం చట్టవిరుద్ధం. కంపెనీ ఏర్పాటు చేసిన క్యాబ్, పని మీద వెళ్లిన వేరే ఊరు కూడా చట్టం దృష్టిలో పనిచోటే. ఎక్కువమంది నష్టపోయేది గడువు దాటిపోవడం వల్ల. కాబట్టి ఫిర్యాదు చేయాలా వద్దా అని తేల్చుకోకముందే తేదీలు రాసి పెట్టుకోండి.

రాజీనామా చేయమని బలవంతపెడుతున్నారు.

ఆ గదిలో ఏదీ సంతకం చేయొద్దు, ల్యాప్‌టాప్‌లో బటన్ కూడా నొక్కొద్దు. “చదువుకోవడానికి రెండు రోజులు కావాలి, కారణం మెయిల్‌లో పంపండి” అని లేచి రండి. మీరే రాజీనామా చేసినట్టు రికార్డులో ఉంటే తర్వాత బలవంతపెట్టారని నిరూపించడం చాలా కష్టం. నియామక పత్రం, జీతం చీటీలు, రేటింగ్ లేఖల ప్రతులు మీ దగ్గర ఉంచుకోండి. కంపెనీ కోడ్, క్లయింట్ సమాచారం మాత్రం తాకొద్దు, అదే మీ మీద ఆయుధమవుతుంది. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనలో కర్ణాటక కార్మిక శాఖ ఉంది. ఐటీ ఉద్యోగుల కోసం కేఐటీయూ అనే యూనియన్ కూడా ఇక్కడ పనిచేస్తోంది. వేతనాల కోడ్ ప్రకారం తొలగించినా, మీరే మానేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి.

గొడవ అయ్యాక రాత్రంతా నిద్ర పట్టదు. తట్టుకునే శక్తి ఎలా పెంచుకోవాలి?

గట్టిగా ఉండాలని మనసుకి చెప్పుకుంటే సరిపోదు. ఒంటికి కోలుకునే సమయం దొరకాలి. గొడవ జరిగిన వెంటనే పది నిమిషాలు మెట్ల మీదో ఆవరణలోనో నడవండి. తర్వాత నాలుగు సెకన్లు పీల్చి ఆరు సెకన్లు వదులుతూ ఐదు నిమిషాలు కూర్చోండి. నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి, గుండె దడ తగ్గుతుంది. ఆ లోపు మెయిల్ రాయకండి. రాయకుండా ఉండలేకపోతే పంపే చిరునామా ఖాళీగా ఉంచి రాయండి.

సాయంత్రం లేచే ముందు రేపు పొద్దున మొదట చేయాల్సిన పని ఒక చీటీ మీద రాసిపెట్టండి. సగంలో ఆగిన పనే మంచం మీద వెంటాడుతుంది, రాసి పెడితే చాలావరకు వదులుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర గంటసేపు ఇరుక్కున్న క్యాబ్‌లో ఆఫీసు గ్రూపులు చదివితే ఆఫీసు ఇంకో గంట పెరిగినట్టే. ఆ గంట పాటలకో, అమ్మకి ఫోన్ చేయడానికో వాడండి.

కాఫీ మీద ఒక మాట. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన ఫిల్టర్ కాఫీ రాత్రి పదకొండుకి సగం ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. అమెరికా క్లయింట్‌తో రాత్రి కాల్స్ తప్పకపోతే వారంలో రెండు రాత్రులకి కట్టేయమని, మర్నాడు ఆలస్యంగా మొదలుపెట్టే వీలు ఇమ్మని అడగండి. ఏడు గంటల నిద్ర లేని మనిషికి మామూలు మాట కూడా గుచ్చుకుంటుంది.

పీజీ హాస్టల్‌లో ఉండి, రూమ్‌మేట్లు, సాయంత్రం స్నేహితులు అందరూ ఒకే కంపెనీవాళ్లైతే గొడవ ఇంటిదాకా వస్తుంది. ఆఫీసుతో సంబంధం లేని ఇద్దరు మనుషులు ఈ ఊళ్లో మీకుండాలి. వారాంతపు క్రికెట్, తెలుగు సంఘం, గుడి, సంగీతం క్లాసు, ఏదైనా సరే.

ఇది మామూలు అలసటేనా, అంతకు మించిందా?

రెండు సెలవులు తీసుకుంటే తగ్గేది అలసట. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ 11వ ప్రతిలో పని వల్ల వచ్చే బర్న్‌అవుట్‌ని మూడు గుర్తులతో వివరించింది: శక్తి పూర్తిగా ఇంకిపోవడం, పని మీద విరక్తి, చేతనైన పని కూడా చేయలేకపోతున్నామన్న భావన. దాన్ని జబ్బుగా కాక పనికి సంబంధించిన స్థితిగా చూసింది. కాబట్టి మందు ముందు పని భారంలోనే వెతకాలి.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే డాక్టర్‌ని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. హోసూరు రోడ్డులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్‌హాన్స్ ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి, మీ కంపెనీ పాలసీ చూసుకోండి. కంపెనీ ఉచిత కౌన్సెలింగ్ ఇస్తుంటే మీరు చెప్పింది ఎవరి దగ్గర ఉంటుందో మొదటి కాల్‌లోనే అడగండి.

నేను టీమ్ లీడ్‌ని. ఇద్దరు గొడవపడుతున్నారు, నేనేం చేయాలి?

ముందు ఇద్దరితో విడివిడిగా అరగంట మాట్లాడండి. ఒకరితో పొద్దున, ఇంకొకరితో మర్నాడు అంటే మొదటివాళ్ల మాటే మీ బుర్రలో గట్టిపడుతుంది, అందుకే ఒకే రోజు పెట్టుకోండి. ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడగండి: ఏం జరిగింది, పనికి ఏం అడ్డమైంది, అవతలి మనిషి ఏం చేస్తే నీకు చాలు? తీర్పు చెప్పొద్దు, “నీదే న్యాయం” అని ఒక్కరితో కూడా అనొద్దు. ఆ మాట పది నిమిషాల్లో రెండోవాళ్లకి చేరుతుంది.

తర్వాత ఇద్దరినీ కలిపి ముప్పావు గంట కూర్చోబెట్టండి. ఒకరు చెప్పింది రెండోవాళ్లు తమ మాటల్లో తిరిగి చెప్పాలి, మొదటివాళ్లు అవునన్నాకే జవాబు. మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ చాలా గొడవలు ఈ ఒక్క మెట్టు దగ్గరే సగానికి వస్తాయి. ఒకరినొకరు ఇష్టపడమని అడగకండి. మూడే విషయాలు రాయించండి: ఎవరి పని ఎక్కడ ఆగి ఎక్కడ మొదలవుతుంది, ఆలస్యమైతే ఎవరు ఎవరికి ఎంతసేపట్లో చెప్పాలి, తేలకపోతే ఎవరి దగ్గరికి రావాలి.

రెండు వారాలకి పావుగంట మళ్లీ కూర్చోండి, ఆ కాగితమే ముందు పెట్టుకుని. అప్పటికీ అదే చోట తగువు వస్తుంటే ఆ పనికి ఇద్దరు యజమానులున్నట్టు. ఒకరికి పూర్తిగా అప్పగించి, రెండోవాళ్లకి అంతే బరువున్న వేరే పని ఇవ్వండి. ఆ మార్పు ఎందుకు చేశారో టీమ్ మొత్తానికి మీరే చెప్పండి.